బరువు ఎక్కడ ఆనాలి?

పెద్ద లెన్సు తగిలించిన కెమెరాతో ఒక మగవాడు బీచ్ రోడ్డు మీద నిలబడితే, చూసినవాళ్ళు "ఇది ఎంత దూరం లాగుతుందండీ?" అని అడుగుతారు. అదే కెమెరాతో నేను నిలబడితే "మీవారిదా అండీ?" అని అడుగుతారు. ఏడేళ్ళుగా వింటున్నాను ఈ ప్రశ్న. మావారు ఫోన్‌తో ఫోటో తీస్తే అందులో సగం ఆయన బొటనవేలే ఉంటుందని చెప్పాక రెండో ప్రశ్న వస్తుంది. "ఇంత బరువు ఎలా మోస్తారండీ?"

మొదటి ప్రశ్నకి నవ్వేసి ఊరుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం కొట్టిపారెయ్యలేను. అది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అడిగే తీరులోనే జవాబు కూడా కలిపేస్తారు, మీరు మొయ్యలేరు సుమా అని.

లెక్క చెప్పుకుందాం. నా లెన్సు నికాన్ 200-500. 2015లో మార్కెట్లోకి వచ్చింది. కింద ఉండే కాలుతో సహా 2,300 గ్రాములు. దానికి తగిలించే డి500 కెమెరా బ్యాటరీతో కలిపి 860 గ్రాములు. మొత్తం మూడు కిలోల పైచిలుకు. పుట్టిననాడు నా కూతురు 2,900 గ్రాములు తూగింది. ఆ పిల్ల రోజురోజుకీ పెరిగి పన్నెండు కిలోలయ్యేదాకా ఎడమ చంకన వేసుకుని కుడిచేత్తో పోపు పెట్టాను. వీధి చివర నుంచి నీళ్ళ బిందె తెచ్చాను. 14.2 కిలోల గ్యాసు బండ ఖాళీ అయినప్పుడల్లా (ఆ ఖాళీ బండ కూడా ఇంచుమించు పదిహేను కిలోలుంటుంది) వంటింట్లోంచి వాకిట్లోకి దొర్లించాను. అప్పుడెవ్వరూ ఎలా మోస్తున్నారండీ అని అడగలేదు. ఇంటి కోసం మోసే బరువు ఎవరి కంటికీ కనపడదు. మన సరదా కోసం మోసేది మాత్రం మైలు దూరం నుంచి కనపడుతుంది.

అయితే ఇదంతా విని "చూశారా, ఆడవాళ్ళు ఎంత బరువైనా మోస్తారు" అని చప్పట్లు కొట్టేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బరువు మొయ్యడం గొప్పేమీ కాదు. నొప్పి లేకుండా మొయ్యడం కావాలి. అక్కడే వచ్చింది తంటా.

కెమెరాతో పాటు పెట్టెలో ఒక బెల్టు ఇస్తారు. మెడలో దండలా వేసుకునేది. చిన్న లెన్సుకి సరిపోతుందేమో గానీ, ఈ లెన్సు తగిలించి గంటసేపు నడిస్తే రెండు వేళ్ళ వెడల్పున్న ఆ పట్టీ మెడ వెనక ఎముక మీద కూర్చుంటుంది. తల ముందుకి వంగిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా లెన్సు ఊగి పొట్టకి తగులుతుంది. నాకు యాభై దాటాయి. ఆ ఏడు కుడి భుజం బిగుసుకుపోయింది. నలభై నుంచి అరవై మధ్య ఆడవాళ్ళలో ఎక్కువగా వచ్చే బాధే అది. చెయ్యి పైకి లేవదు, జడ వేసుకోవడానికి రాదు, లోపలి బట్టల హుక్కు వెనక పెట్టుకోవడానికి రాదు. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, నా వైపు చూసి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా మీకు, ఫోన్‌లో తీసుకోండి చాలు" అన్నారు. ఇంట్లోవాళ్ళూ అదే మాట. ఏ బెల్టు వాడుతున్నావని ఒక్కరూ అడగలేదు. బరువుకీ నా వయసుకీ మధ్యలో ఒక వస్తువుందనీ, దాన్నెవరో తయారుచేశారనీ, చేసినవాళ్ళ మనసులో ఒక ఒళ్ళుందనీ ఎవరికీ తట్టలేదు.

ఆ ఒళ్ళు ఎవరిదో తెలియాలంటే రెండో రకం బెల్టు చూడాలి. ఒక భుజం మీంచి అడ్డంగా దిగి అవతలి తుంటి దగ్గర కెమెరా వేలాడేలా చేస్తారు దీన్ని. మెడ మీద భారం పోతుంది, నిజమే. ప్రకటనల్లో పొడుగాటి, చదునైన ఛాతీ ఉన్న యువకుడు దాన్ని వేసుకుని కొండలెక్కుతుంటాడు. మనం వేసుకుంటే ఆ పట్టీ సరిగ్గా రొమ్ముల మధ్యనుంచి కోసుకుంటూ పోతుంది, లేదంటే ఒకదాని మీదకెక్కి కూర్చుంటుంది. కింద లోపలి బట్ట పట్టీ భుజం మీద అప్పటికే ఒక గాడి చేసి పెట్టి ఉంటుంది. దాని మీద ఈ మూడు కిలోలు. పైన చున్నీ. చీరైతే పైట మడతలన్నీ బెల్టు కింద నలిగి ఒక పక్కకి జారిపోతాయి. ఇక ఫోటో సంగతి దేవుడెరుగు, బట్ట సర్దుకోవడమే పని. పదిహేనేళ్ళ క్రితమైతే ఇవన్నీ రాయడానికి తటపటాయించేదాన్ని. ఫోటోగ్రాఫర్ల కూడికల్లో బెల్టుల గురించి రెండేసి గంటలు చర్చ జరగడం విన్నాను. తోలా, నైలానా, ఏ కంపెనీ కొక్కెం మంచిది, అన్నీ వస్తాయి. రొమ్ము అనే మాట రాదు. మాట రాని చోట వస్తువు ఎలా మారుతుంది?

జేబుల సంగతి సరేసరి. లెన్సు మూత తీసి ఎక్కడ పెట్టాలి? రెండో బ్యాటరీ, మెమరీ కార్డు, తుడిచే గుడ్డ? ప్యాంటుకి నాలుగు, చొక్కాకి రెండు, పైన జాకెట్‌కి పన్నెండు జేబులున్నవాళ్ళకి ఇదొక సమస్యే కాదు. నా కుర్తాలకి జేబులు కుట్టమని దర్జీకి చెబితే "ఆడవాళ్ళ డ్రస్సుకి జేబు పెడితే ఫిటింగ్ పోద్ది మేడమ్" అన్నాడు. పోనీ అన్నాను.

హోమాయ్ వ్యారావాలా ఎలా మోసిందో అని నేను చాలాసార్లు అనుకున్నాను. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ ఆవిడ. 1942 నుంచి ఢిల్లీలో పనిచేసింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని, నెహ్రూని, గాంధీ అంత్యక్రియల్ని తీసిన మనిషి. చీర కట్టుకుని, సైకిలు మీద, ఆ కాలపు బండ కెమెరాలు వేసుకుని ఊరంతా తిరిగింది. 2011లో, తొంభై ఏడేళ్ళ వయసులో పద్మవిభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడాదే పోయింది. ఆవిడ తీసిన బొమ్మల గురించి మనం చదువుకున్నాం. ఆవిడ భుజం సంగతి మాత్రం ఎక్కడా చదవలేదు నేను.

నాకు కావలసిన మొదటి సలహా చేపల రేవులో దొరికింది. 1970లలో కట్టిన మన ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున గరుడపక్షుల కోసం వెళ్తుంటాను. బోట్లు ఒడ్డుకి రాగానే ఎర్రటి రెక్కలు, తెల్లటి తలలు పైన గిరికీలు కొడతాయి. వేలం పాట దగ్గర కూర్చున్న ఒకావిడ నన్ను రెండు మూడు వారాలుగా గమనించినట్టుంది. అరవై పైబడే ఉంటాయి. ఒకరోజు పిలిచింది.

"ఏటమ్మా, అదేటి అంత గొట్టం మెడకి ఏలాడేసుకున్నావు? మెడ ఇరిగిపోద్ది గదా!"

తీసి చేతికిచ్చాను. ఒకసారి ఎత్తి చూసి నవ్వేసింది. "ఇదేటి బరువు? మా సేపల తట్టలో ఐసు గడ్డ కాదు ఇది. బరువుకేటి గానీ, మెడకెందుకేసావు? మెడ తలకాయ మొయ్యడానికి గదా ఉన్నాది! నడుం మీదెయ్యి, సంటిపిల్లనెత్తినట్టు."

తర్వాత తన తట్ట ఎత్తుకోవడం చూపించింది. పాత చీర ముక్క మెలితిప్పి చుట్టకుదురు చేసింది. అది నెత్తి మీద నడిమధ్య పెట్టుకుంది. కొంగు నడుముకి బిగించింది. పక్కావిడ చెయ్యేస్తే మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి లేచింది. తట్ట, తల, వెన్నెముక, తుంటి, మడమ అన్నీ ఒక తాడు కట్టి దింపినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. పక్కకి వేలాడేది ఏదీ లేదు. ఊగేదీ లేదు.

ఇంటికొచ్చాక దీని గురించి చదివాను. 1986లో 'నేచర్' పత్రికలో కెన్యా స్త్రీల మీద ఒక పరిశోధన వచ్చింది. లువో స్త్రీలు తల మీద మోస్తారు, కికుయు స్త్రీలు నుదుటికి పట్టీ వేసి వీపు మీద మోస్తారు. తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా వాళ్ళు అదనంగా శక్తి ఖర్చుపెట్టకుండానే మోస్తున్నారని అందులో తేలింది. తర్వాత 2010 ప్రాంతంలో దక్షిణాఫ్రికా స్త్రీలతో చేసిన పరిశీలనల్లో అందరికీ అలా ఉండదని, మనిషికీ మనిషికీ తేడా ఉందని చెప్పారు. ఈ రెండో మాట నాకు ముఖ్యం. ఎందుకంటే రేవులో ఆవిడే, తట్ట దించాక, "రాత్రయితే మెడనరాలు లాగేస్తాయమ్మా, మోకాళ్ళు సచ్చిపోనాయి" అంది. ఆటోకి డబ్బులు మిగలని రోజున తల మీద పెట్టుకుంటుంది. దాన్ని ప్రాచీన విజ్ఞానం అని పొగిడేసి ఇంటికొచ్చెయ్యడం నావల్ల కాదు. అయినా ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. బరువు ఎంత అన్నదానికంటే అది ఒంట్లో ఎక్కడ ఆనుతోంది, ఒంటికి ఎంత దగ్గరగా ఉంది అన్నదే అసలు లెక్క.

రెండో సలహా ఉక్కు నుంచి వచ్చింది. మా పక్కింటి బాబాయిగారు స్టీల్ ప్లాంట్‌లో ఖలాసీగా చేసి రిటైరయ్యారు. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేసేనాటికే ఆయన అక్కడ క్రేన్ల కింద పెద్ద పెద్ద యంత్రాలకి వైరు రోపులు తగిలిస్తున్నారు. నా కెమెరా చూసి, "ఏదీ, ఇలా తే అమ్మాయ్" అని చూపుడువేలు లెన్సు కింద పెట్టి ముందుకీ వెనక్కీ జరిపారు. ఒకచోట వేలి మీద కెమెరా త్రాసులా నిలబడింది. ఆ చోటు కెమెరా దగ్గర లేదు, లెన్సు మధ్యలో ఉంది.

"బరువు ఇక్కడుంటే, కొక్కేలు అక్కడ కెమెరా చెవులకి తగిలించావేం? ఎత్తేముందు బరువు నడిమధ్య ఎక్కడుందో చూసుకోవాలి. కొక్కెం దాని నెత్తిన ఉండాలి. లేకపోతే సరుకు తిరగబడుతుంది."

పెద్ద లెన్సులకి కింద ఒక కాలు ఇస్తారు, స్టాండుకి బిగించడానికి. బెల్టు ఆ కాలుకి తగిలించాలి. కెమెరా చెవులకి తగిలిస్తే రెండు కిలోల లెన్సు బరువంతా, కెమెరాకీ లెన్సుకీ మధ్యనున్న ఆ లోహపు వలయాన్ని లాగుతూ ఉంటుంది. చేత్తో పట్టుకున్నా లెన్సునే పట్టుకోవాలి. లెన్సే కెమెరాని మోస్తుంది. బాబాయిగారు ఇంకో మాట కూడా అడిగారు. ప్లాంట్‌లో ప్రతి కొక్కెం మీదా, ప్రతి గొలుసు మీదా అది భద్రంగా మొయ్యగల బరువెంతో అచ్చు గుద్ది ఉంటుందట. "నీ బెల్టు మీద ఏదీ?" వెతికాం. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, అది మాత్రం లేదు. అందుకని ఆయనే రెండో తాడు వెయ్యమన్నారు. లెన్సు కాలుకి బిగించే మర నడుస్తుంటే మెల్లగా వదులవుతుంది. అది ఊడినా కెమెరా నేల మీద పడకుండా కెమెరా చెవికీ బెల్టుకీ మధ్య ఇంకో చిన్న గట్టి తాడు. బయల్దేరేముందు మర ఒకసారి, మధ్యలో ఒకసారి బిగించి చూసుకుంటాను. జూమ్ దానంతటది సాగి కిందికి జారకుండా లెన్సు మీద మీట ఉంటుంది, అదీ వేస్తాను.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. నాలుగంగుళాల వెడల్పు నడుం పట్టీ. లోపల స్పాంజి, ముందు బిగింపు. నడుం మీద కాదు, తుంటి ఎముకల పైన కూర్చుంటుంది. ట్రెక్కింగ్ సంచుల్లో ఈ సూత్రం ఎప్పట్నుంచో ఉంది. వాటిలో ఆడవాళ్ళ కోసం వేరే కొలతలు కూడా చేస్తున్నారు: వీపు పొట్టిగా, భుజం పట్టీలు రొమ్ము పక్కనుంచి వంపు తిరిగి, నడుం పట్టీ తుంటి వాలుకి తగ్గట్టు. కెమెరా సంచుల్లో అది అరుదు. నాది మా దర్జీ కుట్టాడు, నాలుగు జేబులతో సహా. ఎడమ తుంటి పక్కన ఒక కొక్కెం. దానికి లెన్సు కాలు. ముఖం కిందికి, వెనక్కి వాలి ఉంటుంది. ఎడమ చెయ్యి దాని మీద ఊరికే ఆనించి నడుస్తాను. చూసేవాళ్ళకి పిల్లనెత్తుకున్నట్టే ఉంటుందట. భుజం మీంచి ఒక సన్నని పట్టీ వెళ్తుంది గానీ అది బరువు మొయ్యడానికి కాదు, జారకుండా ఉండడానికి. ఫోటో తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి లెన్సు కింద, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి. చేతుల్ని గాల్లో ఉంచి తియ్యడం పాతికేళ్ళ కుర్రాళ్ళకే కుదరదు. ఎక్కువసేపు కనిపెట్టుకుని కూర్చోవాలంటే ఒంటికాలి స్టాండు. నడిచేటప్పుడు అదే చేతికర్ర, కుక్కలొస్తే మరీ మంచిది.

బండి మీద వెళ్ళేటప్పుడు ఒంటి మీద కెమెరా ఉండకూడదు. పడితే ఛాతీకీ రోడ్డుకీ మధ్య ఉండేది అదే. సంచిలో పెట్టి వీపుకి వేసుకుంటాను. ఆటోలో ఒళ్ళో పెట్టుకుంటాను, కింద పెడితే కుదుపులన్నీ దానివే. సంచి మీద కంపెనీ పేరు లేకుండా పాత నల్ల గుడ్డ సంచి వాడతాను. లాక్కుపోయేవాడికి అందులో చపాతీ డబ్బా ఉందనిపిస్తే మంచిది. అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవలో మాత్రం ఈ నియమాలన్నీ తిరగబడతాయి. అక్కడ రెండు తాటి బోదెలు జతచేసిన దోనె మీద కూర్చోబెట్టి తామరల మధ్యకి తీసుకెళ్తారు. నీళ్ళు మనకి జానెడు కిందే ఉంటాయి. అక్కడ ఒంటికి ఏ బెల్టూ బిగించుకోను. దోనె తిరగబడితే మూడు కిలోలు మనల్ని కిందికి లాగకూడదు కదా. నీరు చొరని సంచి ఒళ్ళో పెట్టుకుని, జకానాలు కనపడినప్పుడే తీస్తాను. ఈ ఊరి గాలి ఉప్పుగాలి. ఇంటికి రాగానే తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడిచి, ఆరాక సిలికాజెల్ పొట్లాలున్న మూత డబ్బాలో పెట్టాలి, లేకపోతే లెన్సు లోపల బూజు పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే అద్దం మీద ఆవిరి కమ్మేస్తుంది. సంచిలోనే అరగంట ఉండనివ్వాలి.

ఇంతదాకా నా సుఖం గురించీ లెన్సు క్షేమం గురించీ చెప్పాను. ఎదుటివాళ్ళ మాటేమిటి? ఆదివారం పొద్దున్న హార్బర్‌కి గుంపులు గుంపులుగా వస్తారు ఫోటోలు తీసేవాళ్ళు. మెడలో వేలాడే లెన్సు ఎప్పుడూ ఎవరో ఒకరి వైపు చూస్తూనే ఉంటుంది. వంగి చేపలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు అది తమవైపు తిరిగిందనుకున్నప్పుడల్లా ఒక చేత్తో పైట లాక్కుంటారు. అయిదువందల మిల్లీమీటర్ల లెన్సుకి అడగాల్సిన అవసరం లేదు, అటు చివరి నుంచే ముఖం మీద చెమటబొట్టు దాకా లాగేస్తుంది. ఎప్పుడూ ఇతరుల చూపులకి లోబడే బతికినవాళ్ళం మనం. దూరం నుంచి, తీరిగ్గా, ఎవరికీ కనపడకుండా చూడగలగడం నాకీ లెన్సు ఇచ్చిన గొప్ప సుఖం. దాన్నే ఇంకో ఆడమనిషి మీదకి తిప్పితే నేను ఏమవుతాను? అందుకే మనుషుల మధ్య నడిచేటప్పుడు లెన్సు ముఖం నేలకి, మూత పెట్టి. పిట్ట కోసమైతే ఆకాశం వైపే ఎత్తుతాను. తుంటి పక్కన వెనక్కి వాల్చి మొయ్యడంలో ఈ సౌకర్యం కూడా ఉంది. ఎవరూ పైట సర్దుకోరు.

ఇక ఇది నౌకాదళం ఊరు. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే. పోర్టు, డాక్‌యార్డు, డాల్ఫిన్స్ నోస్ వైపు ఇంత పొడుగు గొట్టం పైకెత్తితే మనం పిట్టనే చూస్తున్నామని కాపలావాడికి ఎలా తెలుస్తుంది? 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా ఉంది. ఫోటోలు నిషేధం అన్న బోర్డు కనపడితే కెమెరా సంచిలోకి వెళ్ళిపోవాలి, ఒంటి మీద కూడా ఉండకూడదు. ఒకసారి ఒక గేటు దగ్గర కాపలా కుర్రాడు నా సంచి విప్పించి, లోపల చూసి, నన్ను చూసి, "ఇది మీవారిదా అమ్మా?" అన్నాడు!

ఈ మధ్య మా కాలేజీలో చదివిన ఇద్దరమ్మాయిలు నాతో వస్తున్నారు. ఒకమ్మాయి ఆరడుగులకి దగ్గర, ఇంకో అమ్మాయి అయిదడుగులు కూడా లేదు. నా పట్టీ ఒకరికి పక్కటెముకల మీద కూర్చుంది, ఇంకొకరికి తొడల మీదకి జారింది. ఇద్దర్నీ మా దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. భుజం నుంచి తుంటి ఎముక దాకా టేపు పెట్టి కొలిచి, జాకెట్టు కొలతలు రాసే పుస్తకంలోనే కొత్త పేజీ తీశాడు. పైన ఏం రాయాలో తెలియక కాసేపు ఆలోచించాడు. "ఏమని రాయమంటారు మేడమ్, మోడలు పేరు?" అన్నాడు. పొట్టి పిల్ల తన కొలతలు మళ్ళీ ఒకసారి చూసుకుని, జేబులు నాలుగు కాదు, ఆరు పెట్టమంది.